ఆకుపచ్చ గడి

మార్చి 3
ఆవిడ ఈ రోజు కూడా ఫోన్‌లో నవ్వింది. ఆయనా నవ్వారు. ముందు గదిలో ఆయన, లాప్‌టాప్. తలుపు ఇవతల నేను, ఉల్లిపాయలు. కళ్ళలో నీళ్ళెందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఉల్లిపాయలున్నాయి. ఎవరూ అడగలేదు.

మార్చి 4
ఆవిడ ఆయన టీమ్ లీడ్. ముఖం ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం ఇల్లంతా తిరుగుతుంది. ఆయన్ని నువ్వు అంటుంది. నేనింకా మీరు దగ్గరే ఉన్నాను. ఆవిడ పలకరిస్తే గానీ మావాడికి టీ దిగదని అత్తయ్య నవ్వుతూ అన్నారు. గుచ్చుకుంది.

మార్చి 6
పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన పనేమిటో అడిగాను. ఎంత సంబరంగా చెప్పారో! సోఫాలు, మంచాలు అమ్మే కంపెనీ. కొన్నవాళ్ళకి ఫోన్ చేసి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడుగుతారు. సున్నా నుంచి మూడు ఎర్ర గడి. నాలుగు నుంచి ఏడు పసుపు. ఎనిమిది నుంచి పది ఆకుపచ్చ. ఎవరి మార్కు ఏ గడిలో పడుతుందో చూసి రిపోర్ట్ తయారు చేస్తారు ఈయన. ఆ గడులు ఎవరు పెట్టారని అడిగాను. ఆవిడేనట.
అడక్కుండా ఉండాల్సింది.

మార్చి 9, సాయంత్రం
ఆవిడ నవ్వలేదు. స్పీకర్‌లో దులిపేసింది. కొందరు మార్కు చెప్పకుండానే ఫోన్ పెట్టేశారట. ఆ ఖాళీల్లో ఈయన సున్నాలు నింపేశారు. వాళ్ళందరూ ఎర్ర గడిలో పడ్డారు. కంపెనీ మునిగిపోతోందని వాళ్ళ పెద్ద బాస్ మీటింగ్‌లో గగ్గోలు పెట్టాడట. నోరు విప్పనివాళ్ళు బాగాలేదన్నారని నీకెవరు చెప్పారు, అడిగావా అని ఆవిడ నిలదీసింది. తెలియకపోతే తెలియదనే రాయాలంది. ఈయన సరే మేడమ్, సరే మేడమ్.
బాగా అయింది అనుకున్నాను. తర్వాత ఆ మాటే నన్ను పట్టుకుంది. నోరు విప్పనివాళ్ళ తరఫున ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదు. అడగాల్సి వచ్చి వచ్చి ఆవిడే అడగాలా? ఇంకా మండింది.

మార్చి 10
అన్నం తింటూ ఆయన ఉన్నట్టుండి నావైపు చూశారు. నువ్వేమీ అనవు కదా, నేనంటే ఇష్టం లేదనే అనుకున్నానన్నారు. నాకూ సున్నా వేసేశారన్నమాట! సరే, నాకు పదికి ఎన్ని వేస్తావో చెప్పమన్నారు. మా కాలంలో ఈ మార్కులు లేవు గానీ, ఉంటే మీ నాన్న ఫెయిలయ్యేవారని అత్తయ్య ఆయనతో అన్నారు. నేను వంటింట్లోకి పారిపోయాను.

మార్చి 11
పదీ వేయొచ్చు. కానీ ఆ ఆకుపచ్చ గడి ఆవిడ గీసింది. నా మొగుణ్ణి తీసుకెళ్ళి నేను అందులో పడేయాలా?

మార్చి 12
ఏడున్నర అన్నాను.
ఆయన వేళ్ళు మడిచి చూశారు. పసుపు ఏడు దగ్గర ఆగిపోయింది, ఆకుపచ్చ ఎనిమిది దగ్గర మొదలైంది, ఇది ఎక్కడా పడదే అని తల గోక్కున్నారు. అర మార్కు కోసం పొద్దున్నంతా వంటింట్లో నా వెనకే తిరిగారు.
ముందు గదిలో ఫోన్ మోగింది. ఆవిడే. మోగి మోగి ఆగిపోయింది.