చేతితొడుగులో నిమ్మబిళ్ళలు

ఏమండీ,

ఇక్కడ నేను, చంటిది, అత్తయ్యగారు క్షేమం. అత్తయ్యగారి మోకాళ్ళు మాత్రం ఎప్పటిలాగే అలిగి ఉన్నాయి. వంతెన పనిలో మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. లారీ డ్రైవరన్న ఈ ఉత్తరంతో ఇచ్చిన గ్లూకోజు పొట్లం ముందు చొక్కా జేబులో వేసుకోండి. ఆ తర్వాతే తక్కినది చదవండి. ఎందుకో చెబుతాను.

చంటిదానికి కింది పన్ను వచ్చింది. దొరికిందల్లా కొరుకుతోంది. నా కొలతల టేపు చివర నమిలేసింది.

టీలో చక్కెరకు బదులు వేసుకునే తీపి మాత్రలతో క్యాన్సరొస్తుందని మీ తోటి వెల్డరు భయపెట్టాడని రాశారు. డాక్టరుగారిని అడిగాను. "రోజుకు రెండు మూడు మాత్రలకు భయం లేదమ్మా. అలాగని అది మందు కాదు. మాత్ర వేసుకున్నాను కదా అని తిండి మీద పడొద్దని చెప్పు" అన్నారు. కాబట్టి మీ టీ మీరు నిశ్చింతగా తాగండి.

కడుపు ఉబ్బరంగా ఉంటోందని, క్యాంపు వంటవాణ్ణి దులిపేశానని కూడా రాశారు. అతన్ని ఏమీ అనకండి, పాపం. అది నా నిర్వాకం.

మీ పాత వెల్డింగు తొడుగులో నిమ్మబిళ్ళలు దాస్తున్నారని నాకు ఎప్పుడో తెలుసు. "ఒళ్ళు వణికితే నోట్లో వేసుకోమని డాక్టరే చెప్పాడే" అని మీరంటే, దొంగకు సాకు దొరికిందనుకున్నాను. మీ మాట నమ్మలేదు. మీ ప్రయాణానికి ముందు కూర్చుని ఒక్కో కాగితం విప్పి, బిళ్ళ తీసేసి, చక్కెర లేని బిళ్ళ పెట్టి మళ్ళీ చుట్టాను. కుట్టుపని చేసే వేళ్ళు కదా, మీకు అనుమానం రాలేదు. తీసినవి నేనూ అత్తయ్యా చప్పరించాం.

ఈ రోజు మన వీధి నర్సమ్మ నేను కుట్టిన కొత్త యూనిఫాం వేసుకుని చూడడానికి వచ్చింది. నా ఘనకార్యం నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు.

"అక్కా, అన్నయ్య ఇన్సులిన్ తీసుకుంటాడు కదూ?"

"అవును. అయితే?"

"షుగరు పడిపోయినప్పుడు ఆ చక్కెర లేని బిళ్ళలు నాలుక్కి తియ్యగా ఉంటాయి, అంతే. రక్తంలో షుగరు లేవదు. అసలు చక్కెరే పడాలి. పైగా అవి ఎక్కువ తింటే కడుపుబ్బరం. అన్నయ్య అవే తిని, సర్దుకుంటుందిలే అని కూర్చుంటే స్పృహ తప్పుతాడక్కా!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మీరు ఉండేది అంత ఎత్తున, చేతిలో మంట. ఆపైన ఆలోచించలేకపోయాను. మీ క్యాంపుకు ఫోను అందదు. చెప్పులైనా వేసుకోకుండా, దారిలో గ్లూకోజు పొట్లం కొని, మీ దగ్గరికి వచ్చే లారీ దగ్గరికి పరిగెత్తాను. సిమెంటు బస్తాలు ఎక్కించేలోపు క్యాబిను మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. డ్రైవరన్నకు నోటితోనూ చెప్పాను.

తొడుగులో మిగిలినవి పారేయండి. ఒళ్ళు వణికితే ఆ గ్లూకోజే నోట్లో వేసుకోండి. ఇక ఇంట్లో మీ నిమ్మబిళ్ళల డబ్బా అద్దం పక్కనే, అందరికీ కనబడేలా పెడతాను.

ఈ మధ్య మీకెప్పుడైనా వణుకు వచ్చిందా? అవి చప్పరిస్తూ, ఇంకా తగ్గదేమని ఎదురుచూశారా? లేదని ఒక్క ముక్క రాసి ఇదే లారీలో పంపండి. నన్ను ఎంత తిట్టినా పడతాను. కాకపోతే ఉత్తరంలో వద్దు. తిట్టడానికైనా మీరు ఇంటికి రావాలి.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తున్న
మీ ఇల్లాలు