అఖిల భయపడిందని చెప్పాను

మంగళవారం, రాత్రి

సాయంత్రం పక్కింటి పద్మ తన కూతురు శ్రావణిని వెంటబెట్టుకుని వచ్చింది. అండమాన్ దీవిలో తాబేళ్ల గుడ్లు కాపాడే ఇంటర్న్‌షిప్‌కు ఆ పిల్ల ఎంపికైందట. నిరుడు మా అఖిల వెళ్లింది అక్కడికే. పడవ తిరగబడి నా బిడ్డ పోయిందీ అక్కడే.

"జెర నువ్వన్న పోవద్దని చెప్పక్కా. తాబేళ్లు గీడ లేవా అంటే, కంపెనీ ఇడిసే నీళ్లకు మన చెరువుల కప్పలే బతుకుతలేవు అంటది" అంది పద్మ.

శ్రావణి నా పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, అక్క గాడ భయపడ్డదా? నిజం చెప్పు."

"భయపడ్డది బిడ్డా. రోజూ ఫోన్ల ఏడ్సేది. నన్ను తీస్కపో అమ్మా అనేది" అన్నాను.

"అయితే పోను పెద్దమ్మా" అంది ఆ పిల్ల. పద్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

అఖిల ఒక్కనాడూ ఏడవలేదు. చివరిసారి ఫోన్ చేసినప్పుడు, "అమ్మా, ఇయ్యాల తాబేలు పిల్లలు నా చేతులకెల్లి సముద్రంలకు ఉరికినయ్. ఇగ నేను గీ పనే చేస్త" అని ఒకటే నవ్వు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. చచ్చిపోయిన బిడ్డ మీద అబద్ధం చెప్పిందీ నేనే.

మనసు ఆగక, నిజం చెబుదామని వాళ్ల గుమ్మం దాకా వెళ్లాను. లోపల పద్మ, "అలిగింది సాలు, అన్నం తిను" అని కసురుతోంది. కసరడానికి ఆ ఇంట్లో ఒక బిడ్డ ఉంది.

తలుపు కొట్టకుండా వచ్చేశాను.