పారిపోయేవాణ్ని పోనివ్వాలి

జూన్ 2, సాయంత్రం

వియ్యంకుడి ఇంటికి భోజనానికి వెళ్లాం. నాకు ఇష్టం లేదు, కొడుకు మొహం చూసి వెళ్లాను. బ్యాంకు మేనేజరుగా రిటైరైన ఆ పెద్దమనిషి చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్‌లో యుద్ధం ఆడుతున్నాడు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. మధ్యలో మూడు దారులు, దారి పొడవునా బురుజులు, రెండు కొసల్లో రెండు కోటలు. ఎదుటివాళ్ల కోట ముందుగా కూల్చినవాళ్లది గెలుపు. ఏడాదిగా ఆడుతున్నాడట. ర్యాంకు కూడా ఉందట. తనకు రానిదేదీ ఈ భూమ్మీద లేదన్నట్టు ఒకటే గొప్పలు.

మానిటర్ ఎత్తు చాలక దాని కింద ఒక పుస్తకం పెట్టాడు. దాని వెన్ను చూడగానే గుర్తుపట్టాను. కోటల ముట్టడి మీద నేను రాసింది. సగం జీవితం దానికే ధారపోశాను. లోపలి పేజీలో "బావగారికి గౌరవంతో" అని నా చేత్తోనే రాసిచ్చిన కాపీ.

నా చూపు ఎక్కడుందో కనిపెట్టాడు. బావగారి పుస్తకం కొలత పెట్టినట్టు సరిపోయిందని, ఇన్నాళ్లకు దానివల్ల ఒక ఉపయోగం కనబడిందని అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా దవడల్లో నొప్పెడుతోంది.

జూన్ 3

కోడలు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. పెళ్లయి రెండేళ్లయినా మేమిద్దరం టీ కప్పు ఇచ్చిపుచ్చుకోవడానికి మించి మాట్లాడుకున్నది తక్కువ.

మార్కెట్ వెనకున్న గేమింగ్ సెంటర్‌లో పోటీ పెడుతున్నారట. ప్రతి టీమ్‌లోనూ అరవై దాటినవాళ్లు ఒకరుండాలని రూలు. పిల్లల్ని చెడగొడుతున్నారని పెద్దలు రోజూ పోట్లాటకు వస్తుంటే, ఆ సెంటర్ ఓనరు పెద్దల్నే ఆటలోకి లాగాడు. బుర్రున్నవాడు. కోడలి నాన్న, అదే మా వియ్యంకుడు, అప్పుడే టీమ్ కట్టేశాడు. అసలు ఆయనకు మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి ఆట నేర్పింది తనేనట. నన్నూ తీసుకో నాన్నా అంటే, నువ్వు ఒత్తిడికి తట్టుకోలేవమ్మా, వెనక కూర్చుని చప్పట్లు కొట్టు అన్నాడట.

ఆమె ఆడిట్ ఆఫీసులో ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. కావలసింది ఒక ముసలివాడు.

"మామయ్యగారూ, కోపం మీ దగ్గర కావలసినంత ఉంది. ఆట నేను నేర్పుతాను."

ఇంత సూటిగా నన్ను చదివినవాళ్లు ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు. సరేనన్నాను.

జూన్ 4

పాఠం మొదలు. చదువుకున్నవాణ్ని కాబట్టి మంత్రగాణ్ని ఇమ్మన్నాను. కుదరదంది. మంత్రగాడు మాగిన అరటిపండు, ఎవరు నొక్కినా అయిపోతాడట. కొత్తవాళ్లకు ట్యాంకే మేలట. కొండంత ఒళ్లు, తలుపంత డాలు, నత్తనడక. ముందు నిలబడి దెబ్బలు తింటుంటే వెనకున్నవాళ్లు పేరు కొట్టేస్తారు. కాలేజీలో ముప్ఫై ఏళ్లు చేసిన ఉద్యోగమే, ఇంటర్వ్యూ కూడా అక్కర్లేదన్నాను. పకపకా నవ్వింది. ఆమె నవ్వు వినడం ఇదే మొదలు.

వీరులు వందమందికి పైగా ఉన్నారు. ఒక్కణ్నే పట్టుకుని వదలొద్దంది. రోజుకొకణ్ని మార్చేవాడికి ఏదీ రాదట. మా విద్యార్థుల చెవుల్లో నేను శంఖం ఊదీ ఊదీ వదిలేసిన మాట అదే.

జూన్ 5, ఉదయం

చచ్చాను.

జూన్ 5, మధ్యాహ్నం

మళ్లీ చచ్చాను. ఎందుకు చచ్చానో తెలియక కోడలికి ఫోన్ చేశాను. శత్రువు బురుజు కింద ఒక్కరే నిలబడ్డారా అని అడిగింది. నిలబడ్డాను. కోటలోంచి వాళ్లంతట వాళ్లే బయల్దేరే మన సైనికులు ముందు వెళ్లాలట. బురుజు వాళ్ల మీద నిప్పులు కురిపిస్తుండగా వెనక నుంచి మనం కొట్టాలట. వాళ్లు అయిపోగానే వెనక్కి వచ్చెయ్యాలట.

కోటల ముట్టడి మీద ఆరువందల పేజీలు రాసినవాణ్ని, డాలు చేత పట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు గోడ కిందకు నడిచి వెళ్లాను. ఈ సంగతి బయటపడితే మానిటర్ కింద కూడా నా పుస్తకానికి చోటు దక్కదు.

జూన్ 7

ఎన్ని కొత్త సంగతులు! తల వేడెక్కిపోయింది, సంతోషంగానే.

ఈ ఆటలో చావు మన సొంత వ్యవహారం కాదు. నేను చస్తే నన్ను చంపినవాడికి బంగారం. ఆ బంగారంతో వాడు పదునైన కత్తి కొంటాడు, దాంతో మావాళ్లను చంపుతాడు. కాబట్టి కొత్తవాడి మొదటి ధర్మం చంపడం కాదు, చావకపోవడం. ప్రాణం సగానికి పడితే సిగ్గుపడకుండా ఇంటికి పోవాలి.

ఇంకోటి. శత్రు సైనికుణ్ని ఎంతసేపు బాదినా ప్రయోజనం లేదు, ఆఖరి దెబ్బ ఎవరిదైతే బంగారం వాళ్లదే. నా నోట్సు పట్టుకెళ్లి ముగింపు మాత్రం తాను రాసుకుని డాక్టరేట్ కొట్టేసిన మహానుభావుడు గుర్తొచ్చాడు. వాడి పేరు ఇక్కడ రాయను. రాస్తే చిరంజీవి అయిపోతాడు.

తెర మూలనున్న చిన్న మ్యాపును చూడటం మర్చిపోతున్నానని, కోడలు దాని పక్కన గోళ్లరంగుతో చుక్క పెట్టింది. అడుగు తీసి అడుగు వేసే ముందు చుక్క వైపు చూడాలి. మ్యాపులో కనబడని శత్రువు మన పక్క పొదలోనే ఉన్నాడని అనుకోవాలి. ఈ జ్ఞానం నాకు సాహిత్య సభలకు తిరిగే రోజుల్లో ఉండాల్సింది.

జూన్ 9

తోటి ఆటగాడి మీద చాట్‌లో నాలుగు వాక్యాలు రాశాను. ఒక్క బూతు లేదు, ఉన్నదంతా ఉపమాలంకారమే. ఆట నన్ను మూడు రోజులు మ్యూట్ చేసింది. నా రాతను కోసిన ఎడిటర్లను చాలామందిని చూశాను. ఇంత చురుకైనవాణ్ని చూడలేదు.

జూన్ 12

గెలిచాం.

నోరు మూసుకున్నందుకే గెలిచానంటుంది కోడలు. తిడుతూ టైప్ చేసేవాడి చేతులు కీబోర్డు మీద ఉంటే వీరుణ్ని నడిపేదెవరు అని అడిగింది. మ్యాపు మీద నొక్కితే టింగ్‌మని గంట మోగుతుంది, ఇక్కడికి రండి అనో, ప్రమాదం అనో. ఇవాళ ఆ గంటలతోనే మాట్లాడాను. ఐదుగురం ఒక్క మనిషిలా కదిలాం. గుండె ఎలా కొట్టుకుందంటే బీపీ మాత్ర వేసుకున్నానో లేదో కొడుకు వచ్చి అడిగాడు.

కోడలి ఆఫీసు ముగ్గురితోనూ పరిచయమైంది. వాళ్లలో ఒకడు ప్రతి యుద్ధానికి ముందూ ఆవులిస్తాడు. ఆవులింత అని పేరు పెట్టాను. నాకు వాళ్లు ప్రిన్సిపాలని పెట్టుకున్నారట. కాలేజీలో రాని పోస్టు ఇలా వచ్చింది.

జూన్ 16

పోటీ మొదలు. మొదటి మ్యాచే వియ్యంకుడి టీమ్‌తో. హాల్లో ఎదురెదురు వరుసల్లో కూర్చున్నాం. బావగారు దారి తప్పి వచ్చారా, లైబ్రరీ పక్క వీధిలో కదా అన్నాడు నలుగురూ వినేలా.

వాడిది విలుకాడు. దూరం నుంచి బాణాలేసి పరిగెత్తే రకం, మనిషికి తగిన పాత్ర. ఆట నడుమ వాడి ప్రాణం వెంట్రుకవాసికి పడింది. పారిపోయాడు. నేను వెంటపడ్డాను. కోడలు హెడ్‌సెట్‌లో వెనక్కి రమ్మంటూనే ఉంది. నాకు మానిటర్ కింది పుస్తకమే కనబడుతోంది. అడవంతా తిరిగాం, వాగు దాటాం. వాడు పొదలో దూరాడు. పొదలో వాడితో పాటు ఇంకో ముగ్గురున్నారు.

నేను పోయాను. నన్ను కాపాడటానికి వచ్చినవాళ్లూ పోయారు. కాసేపట్లో మా కోట పోయింది.

ఒక్కసారి ఓడినా ఇంకో అవకాశం ఇస్తారట. వియ్యంకుడు కూతురి దగ్గరకొచ్చి, చెప్పానా అమ్మా అన్నాడు. అంతే అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

జూన్ 17

కోడలు టీ ఇచ్చింది, చక్కెర లేకుండా.

జూన్ 18

ఆమే వచ్చి కూర్చుంది. ఇక్కడ స్కోరు రాసుకునేది ఎందర్ని చంపామని కాదు, కోట ఉందా పడిందా అని మాత్రమేనంది. తర్వాత నెమ్మదిగా అంది:

"పారిపోయేవాణ్ని పోనివ్వండి మామయ్యగారూ. పారిపోతున్నంతసేపూ ఆయన తన కోటను కాయలేడు కదా."

నా పుస్తకంలో నాలుగో అధ్యాయమంతా ఇదే. ఇన్ని పేజీల్లో చెప్పినదాన్ని ఒక్క వాక్యంలో చెప్పింది. కోపం రావాలి. రాలేదు.

జూన్ 23

వరసగా గెలిచాం. ఆఖరి మ్యాచ్‌లో నేను ఒక్కణ్ని కూడా చంపలేదు, బురుజులే కూల్చాను. సెంటర్ ఓనరు వచ్చి భుజం తట్టాడు. ఫైనల్లో మళ్లీ వియ్యంకుడే.

జూన్ 30, సాయంత్రం

ఫైనల్ నుంచి ఇప్పుడే వచ్చాను.

చాలాసేపు ఆట ఎవరి వైపూ మొగ్గలేదు. ఉభయుల బురుజులూ అయిపోయాయి, కోటలు మాత్రమే మిగిలాయి. నడి దారిలో పెద్ద యుద్ధం. ఆవులింత ఆవులించాడు. ధూళి అణగాక చూస్తే విలుకాడు చావుకు ఒక్క బాణం దూరంలో ఉన్నాడు, నా డాలు పక్కనుంచే అడవిలోకి పరిగెత్తాడు. చెయ్యి దురద పెట్టింది. కదల్లేదు. ఎలా ఆగానో నాకే తెలియదు.

ఆగనిది కోడలు. నాకు పాఠం చెప్పిన కోడలు, బురుజుల గురించి నా ప్రాణం తోడేసిన కోడలు, వాళ్ల నాన్న వెంటపడింది. హెడ్‌సెట్‌లో ఆమె ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. నేను వెనక్కి పిలవలేదు. ఆ పరుగు ఏమిటో నాకు తెలుసు.

ఎదురు వరుసలో వియ్యంకుడు లేచి నిలబడి కాపాడండ్రా, కాపాడండ్రా అని అరుస్తున్నాడు. మిగిలినవాళ్లంతా ఆయన వైపు పరిగెత్తారు. గోళ్లరంగు చుక్క ఈ కంప్యూటర్‌కు లేదు, అయినా కళ్లు ఆ మూలకే పోయాయి. మ్యాపులో వాళ్లందరూ అడవిలో ఉన్నారు. కోట దగ్గర ఎవరూ లేరు.

గంట కొట్టాను. ఆవులింత వచ్చాడు. మా సైనికుల్ని ముందు నడవనిచ్చాను, తొందరపడలేదు. తర్వాత కొట్టాను. నా జీవితంలో ఇంత హాయిగా దేన్నీ కొట్టలేదు. కోట నిలువునా చీలి కుప్పకూలింది. హాలంతా ఈలలు.

కోడలు హెడ్‌సెట్ తీసి నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు. ఇంకొక్క క్షణం ఆగితే దొరికేవాడు కదండీ, అంత తొందరేమొచ్చింది మీకు అని నన్ను కసిరింది. తర్వాత ఏమన్నదో తనకే అర్థమై పగలబడి నవ్వింది.

వియ్యంకుడు వచ్చి నాకు చెయ్యిచ్చాడు. ఆవులింతకిచ్చాడు, మిగిలిన ఇద్దరికీ ఇచ్చాడు. కూతురి దగ్గరకొచ్చేసరికి జేబులో కళ్లజోడు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆమె నవ్వు అక్కడ ఆగింది.

జూలై 3

వియ్యంకుడి ఫోన్. అమ్మాయిని ఒకసారి పిలుస్తారా బావగారూ అన్నాడు. ఆటలో ఉంది, ఇప్పుడే మొదలైంది, చాలాసేపు పడుతుందన్నాను.

"పరవాలేదు, లైన్లో ఉంటాను."

ఫోన్ తీసుకెళ్లి ఆమె కీబోర్డు పక్కన పెట్టాను. ఆయన కీల చప్పుడు వింటూ ఉన్నాడు.