కాగితం అడిగే ప్రశ్న

ముఐథర్, ఖతార్
శనివారం మధ్యాహ్నం

ప్రియమైన శివకుమారికి,

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. నువ్వూ, అమ్మా, మన పాప అనితా చల్లగా ఉన్నారని తలుస్తాను. ఎప్పుడు రాసినా ఉత్తరం పైన 'ప్రభువు నామమున వందనములు' అని మొదలుపెడతాను కదా, ఈసారి అది లేదని చూడగానే కనిపెట్టి ఉంటావు. మరిచిపోలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకో చెప్తాను గానీ వరసగా చదువు, ఆఖరి కాగితం ముందు తీయకు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. మన ఫోను ఎప్పుడూ అనిత చేతిలో ఉంటుంది, అది స్పీకరు పెడితే వీధి వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం రాసి ఇమామ్ చేతికి ఇస్తున్నాను. పక్క విల్లాలో డ్రైవరు, కడప అతను, పోయినసారి నీకు ఖర్జూరాలు తెచ్చిన మనిషే. బుధవారం లీవు మీద వస్తున్నాడు. ఈ కవరు లావు చూసి, "ఏందన్నా, వదినకు ఇల్లేమన్నా రాసిస్తాండావా?" అన్నాడు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నడుం నొప్పి తగ్గింది. బాబా కొత్త బండి కొన్నాడు, దాని సీటు మెత్తగా ఉంది. బాబా అంటే సాయిబాబా కాదని, మా యజమానిని ఇక్కడ అలాగే పిలుస్తామని అమ్మకు ఇంకోసారి చెప్పు. వేళకు తింటున్నాను. అనితకు కళ్లద్దాలు కావాలంటే ఆలస్యం చెయ్యకుండా నంద్యాల తీసుకెళ్లు.

తర్వాతి ప్రశ్న. అమెరికాలో నాయకులంతా బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తారట, మన చర్చి అయ్యగారు ప్రసంగంలో చెప్పారు, నిజమేనా అని రాశావు. నువ్వు ఏ ఘడియలో రాశావో గానీ, దానికి జవాబు చెప్పే మనిషే వచ్చి నా బండిలో కూర్చుంది.

బాబా పెద్దకొడుకు అమెరికాలో చదివాడు కదా. అక్కడ అతనికి పరిచయమైన ఒకావిడ ఇక్కడి యూనివర్సిటీలో ఏదో మీటింగుకు వచ్చింది. వాళ్ల రాష్ట్రం చట్టసభలో పద్దెనిమిదేళ్లు సభ్యురాలట, మన ఎమ్మెల్యే లాంటి పదవి. ఐదు రోజులు ఆవిడ డ్యూటీ నాకు పడింది. మన ఎమ్మెల్యే వస్తే ముందు నాలుగు బండ్లు, వెనక నాలుగు బండ్లు ఉండాలి. ఈ మేడమ్ ఎయిర్‌పోర్టులో ఒక్కతే చిన్న పెట్టె లాక్కుంటూ వచ్చింది. డెబ్భై ఏళ్లుంటాయి. వెనక తలుపు తీసి పట్టుకుంటే, ముందు సీట్లో కూర్చోవచ్చా అని నన్నే అడిగింది.

రెండో రోజు ధైర్యం చేసి నీ ప్రశ్న అడిగాను. నా ఇంగ్లీషు నీకు తెలిసిందే, అయినా ఓపికగా విని నవ్వింది. బైబిలు తప్పనిసరి కాదట. పదవిలోకి వచ్చేవాళ్లను నీ మతమేమిటని అడిగే పరీక్షే పెట్టకూడదని వాళ్ల రాజ్యాంగంలోనే రాసి ఉందట. "చట్టం అడగదు. కానీ మా వైపు జనం అడుగుతారు. ఏ చర్చికి వెళ్తావని అడుగుతారు. జవాబు చెప్పకపోతే ఓటు రాదు," అంది.

పచ్చ సిగ్నల్ పడినా నేను బండి కదల్చలేదు, వెనకవాడు హారన్ కొట్టేదాకా తెలియలేదు. అంత పెద్ద దేశంలో అలా ఉంటే మన చిన్న ఊళ్లో సరిగ్గా తలకిందులుగా ఉందే అనిపించింది. మన ఊళ్లో జనం అడగరు. ప్రతి ఆదివారం నువ్వు పాటల పుస్తకం పట్టుకుని చర్చికి వెళ్లడం, పంచాయతీని ఆడించే నారాయణప్ప అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉంటాడు. జనానికి అన్నీ తెలుసు. మన దగ్గర అడిగేది కాగితం.

మేడమ్‌కు మన సంగతి చెప్పాను. సర్పంచి సీటు ఈసారి ఎస్సీ ఆడవాళ్లకు వచ్చిందని, నా భార్య నిలబడుతోందని చెప్పాను. ఎందుకు నిలబడుతోందని అడిగింది. సమాధుల తోటకు దారి లేదని చెప్పాను. మీ నాయన శవపెట్టెను మోసుకుంటూ వాగులో మోకాటి లోతు బురదలో దిగిన రోజు, కాలు జారి పెట్టె ఒరిగితే నువ్వు నీళ్లలో నిలబడి భుజం పట్టిన సంగతి చెప్పాను. నారాయణప్ప తోట పక్కగా పది అడుగులు వదిలితే చాలని, ఎన్ని అర్జీలు పెట్టినా పంచాయతీలో మాట కదలలేదని, అందుకే ఆ కుర్చీలో నువ్వు కూర్చోవాలనుకున్నావని చెప్పాను. మేడమ్ నీ పేరు రెండుసార్లు అడిగి పలికి చూసుకుంది.

చెప్పనిది ఒకటే. క్రైస్తవులని తేలితే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని, ఆ సర్టిఫికెట్ లేకపోతే నామినేషనే లేదని, నామినేషన్‌తో నువ్వు సంతకం పెట్టివ్వాల్సిన కాగితం మీద 'హిందూ' అని ఉందని చెప్పలేదు. ఆ కాగితం చూసి నువ్వు వెనకాడితే, "ఒక్క మాటే కదా, సంతకం పెట్టెయ్" అని ఫోన్‌లో చెప్పింది నేనే కదా. గోడ మీది బైబిలు వాక్యాల క్యాలెండరు తీసెయ్యమన్నదీ, ఎన్నికలయ్యేదాకా చర్చి పాటలకు వెళ్లొద్దన్నదీ నేనే. నువ్వు ఉత్తరంలో మళ్లీ అదే అడిగావు, పెట్టమంటావా వద్దంటావా, నువ్వెట్లంటే అట్ల చేస్తానని. ఆ ప్రశ్నకే ఇంత దూరం నుంచి నడుచుకుంటూ వస్తున్నాను.

నిన్న శుక్రవారం. ఇక్కడ మనకు ఆరాధన శుక్రవారమే. మేడమ్ చర్చికి పోవాలంది. ఇంగ్లీషు ఆరాధన దగ్గర దింపబోతే, నువ్వెక్కడికి వెళ్తావు, నేనూ అక్కడికే వస్తానంది. మన తెలుగు ఆరాధనకు తీసుకెళ్లాను. బయట సిలువ కనిపించదు, బోర్డు ఉండదు, గేటు దగ్గర సంచీ చూపించి లోపలికి పోవాలి. వంటమనుషులు, పిల్లల్ని చూసుకునేవాళ్లు, డ్రైవర్లు, అందరూ వారానికి ఒక్కరోజు ఉతికిన బట్టలు వేసుకుని వస్తారు. మేడమ్ చెప్పులు విడిచి వాళ్ల మధ్యన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. తెలుగు ఒక్క ముక్క రాకపోయినా పాట పాడినంతసేపూ చప్పట్లు కొట్టింది.

ఇక్కడి అయ్యగారు ఆవిడను రెండు మాటలు చెప్పమని పిలిచి, తానే తెలుగు చేస్తూ నిలబడ్డారు. ఆవిడ ఏం చెప్పిందో ప్రతి మాటా నాకు గుర్తుంది. "నేను వేలమంది ముందు ప్రార్థన చేశాను. వేదికల మీద చేశాను, కెమెరాల ముందు చేశాను. ఈ గదిలో నాకు ఓటు వేయగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకని ఇవాళ కొంచెం భయంగా ఉంది," అంటూ ఆ కార్పెట్ మీద మోకరించింది. ఆ వయసులో, అంత పదవి చేసిన మనిషి, చేతులు నేలకు ఆనించి మోకరించింది. శివకుమారీ, ఇన్నేళ్లలో ఎందరో పెద్దవాళ్లను బండిలో తిప్పాను, ఎవరినీ చూసి అలా నిలువెల్లా ఆశ్చర్యపోలేదు.

అప్పుడే నేను చేయకూడని పని చేశాను.

మేడమ్ లేచి నా వైపు చెయ్యి చూపించి, "ఈ సోదరుడి భార్య, ప్రభువులో మన సోదరి, చనిపోయినవాళ్లకు దారి కోసం తన ఊరికి నాయకురాలిగా నిలబడుతోంది, ఆమె కోసం ప్రార్థిద్దాం" అంది. అయ్యగారు తెలుగులో చెప్పారు. రెండో వరసలో భానుమతక్క కూర్చుని ఉంది. అల్ మన్సూరాలో వంట చేస్తుంది, మన పక్క ఊరే, వాళ్ల అన్న ఎప్పుడూ నారాయణప్ప వెంటే తిరుగుతాడు. ఊరికి తెలిసినా ఇన్నాళ్లూ రుజువు లేదు, అయ్యగారి నోట వచ్చిన ఈ మాట ఆమె ద్వారా సాయంత్రానికి నారాయణప్పకు చేరితే రుజువు దొరికినట్టే, నామినేషన్ పరిశీలన రోజు ఎవడో ఒకడు లేచి అభ్యంతరం పెడతాడు. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. లేచి నిలబడి గట్టిగా అన్నాను.

"లేదయ్యగారూ. నా భార్య విశ్వాసి కాదు. ఆమె హిందువు."

ఆరేళ్లుగా ఆ గదిలో నీ గురించి సాక్ష్యాలు చెప్పిన నోటితోనే అన్నాను. పోయిన క్రిస్మస్‌కు నువ్వు పాడి పంపిన పాటను స్పీకరులో పెట్టి అందరికీ వినిపించినవాణ్ణి నేనే. అందరికీ నీ గొంతు తెలుసు. ఒక్కరూ నా ముఖం చూడలేదు, తలలు దించుకున్నారు. అయ్యగారు నా మాట ఇంగ్లీషులో చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక ఆగిపోయారు. భూమి తెరుచుకుంటే దూకేవాణ్ణి.

నేను ఎవరికి భయపడ్డానో ఆ భానుమతక్కే లేచింది. కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఆ పాప ఎవురో నీకు తెలుసు. మాకు చెప్పాల్సిన పన్లేదు. దావ లేనోళ్లకు దావ అడగను పోతాంది. ఆ యమ్మకు దావ సూపించు సామీ," అంది. ఇంకేమీ అనలేదు. గదంతా ఆమేన్ అంది.

అయిపోయాక గేటు దగ్గర ఆమె కాళ్లు పట్టుకోబోయాను. "లెయ్యబ్బా. నా సర్టిఫికెట్లో ఏం రాసుందో నువ్వెప్పుడన్నా అడిగినావా? నేను చెప్పినానా?" అని, బస్సు తప్పిపోతుందని వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బండి పక్కకు ఆపి మేడమ్‌కు జరిగినదంతా చెప్పాను. నా మాటకు అర్థం అప్పటిదాకా ఆవిడకు తెలియదు. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని మెల్లగా చెప్పింది. "మొదటి ఎన్నికల్లో చర్చి మెట్ల మీద నిలబడి ఫోటో తీయించుకున్నాను. ప్రమాణం రోజు మా నాయనమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టాను. అప్పటికి నాకు దేవుడి మీద నమ్మకమే లేదు. పద్దెనిమిదేళ్లు, నమ్మని దేవుణ్ణి పొగిడి గెలిచాను."

మరి నమ్మకం ఎప్పుడు కలిగిందని అడిగాను. "ఓడిపోయాక. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను, వినేవాళ్లెవరూ లేరు. అయినా ప్రార్థన వచ్చింది," అంది. తర్వాత, "నీ భార్యకు ఏం చెప్పాలో నాకు తెలియదు. నా అబద్ధం నాకు లాభం తెచ్చింది. ఆమె నిజం ఆమెకు నష్టం తెస్తుంది. ఆ రెండూ ఒకటి కావు, నేను తీర్పు చెప్పలేను," అంది. లేనిది ఉందని చెప్పి ఆవిడ గెలిచింది, ఉన్నది లేదని చెప్పి నిన్ను గెలిపించాలని నేను చూశాను. ఇద్దరం ఒకే బండిలో కూర్చుని ఉన్నాం. ఈ తెల్లవారుజామున ఎయిర్‌పోర్టులో దింపితే, నీ పేరు మరొక్కసారి సరిగ్గా పలికి వెళ్లింది.

ఇక నీ ప్రశ్న. 'ఒక్క మాటే కదా' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నోటితో అని చూశాను కాబట్టి చెప్తున్నాను, అది ఒక్క మాట కాదు. కానీ సంతకం పెట్టొద్దని చెప్పే మొహం నాకు లేదు. ఆ రోజు వాగులో నిలబడింది నువ్వు, నేను ఇక్కడ ఏసీ బండిలో ఉన్నాను. నువ్వు తప్పుకుంటే నారాయణప్ప తన తోట పనివాళ్లలో ఎవరినో కూర్చోబెట్టి తానే ఏలుతాడు, దారి రాదు. అదీ నాకు తెలుసు. నువ్వెట్లంటే అట్ల అని ఇంకోసారి రాయకు. నువ్వెట్లంటే అట్ల నేనుంటాను.

ఒక్కటి మాత్రం తెలుసుకుని నిర్ణయించుకో. రేపు ఎవరైనా అభ్యంతరం పెట్టి, మండలాఫీసు నుంచి నాకు ఫోన్ చేసి నీ భార్య ఎవరని అడిగితే, ఆ మాట నేను రెండోసారి అనలేను. నీ కోసం ఏదైనా చేస్తాను, ఇది నా వల్ల కాదు. ముందే చెప్పకపోతే అది ఇంకో మోసమవుతుంది.

నామినేషన్ వేస్తే ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టు, ఇది ఎవరి చేతిలోనైనా పడితే నీకే ముప్పు. వెయ్యకపోతే పెట్టెలో దాచుకో. రెండింటిలో ఏది చేసినా నేను నీ పక్కనే. అమ్మకు నా దండాలు, అనితకు ముద్దులు.

పైన రాయలేని మాట, అంతా చెప్పుకున్నాక ఇప్పుడు రాయగలుగుతున్నాను. ప్రభువు నామమున వందనములు.

ఇట్లు,
పాస్‌పోర్టులో చిరంజీవి,
బాప్తిస్మంలో దానియేలు,
రెండు పేర్లతోనూ నీ పెనిమిటి