హెస్టర్ అన్న మాట

వెర్మాంట్,
ఫిబ్రవరి 26

వెండెల్ బావకు,

మీ పార్టీ వాళ్లు ఇంటింటికీ పంచుతున్న కరపత్రం నిన్న నాకూ అందింది. బడి కోసం ఇంటి పన్ను పెంచవద్దని రాశారు. అది మీ ఇష్టం. కానీ దాని మీద నీ చెల్లెలి ఫొటో వేసి, కింద “ఈ పన్ను నా ప్రాణం తీస్తుంది” అని అచ్చు వేయించావు. మంగళవారం పన్ను మీద ఓటు వేసే ఊరి సభలో అదే చదువుతావట.

హెస్టర్ ఆ మాట అన్నది నిజమే. మా వంటింట్లో, నీ ఎదుటే, పన్ను చెక్కు రాస్తూ నవ్వుతూ అంది. “తీస్తే తీయనీ అన్నయ్యా, పిల్లలకు బడి ఉండాలిగా” అని కూడా అంది. “నువ్విక మారవే” అని నువ్వే వెక్కిరించావు. ఆమె ప్రాణం తీసింది క్యాన్సర్. అదీ నీకు తెలుసు.

అవతలి పార్టీ మారిస్ ఈ ఉదయం వచ్చాడు. “సభలో ఒక్కసారి లేచి, ఆవిడ మన మనిషని చెప్పు పెద్దాయనా, వాళ్ల నోళ్లు మూతపడతాయి” అన్నాడు. కుదరదన్నాను.

సభలో నేను ఏనాడూ నోరు విప్పలేదు. మాట్లాడేది ఆమె. నువ్వు ఆ సగం మాట చదివితే, మిగతా సగం నేను లేచి చెప్పక తప్పదు. అప్పుడు మారిస్ పక్షం చప్పట్లు కొడుతుంది. ఆమె పోయి ఆరు వారాలే అయింది. ఆమె పేరు మీద ఏ పక్షం చప్పట్లూ నేను వినలేను.

నన్ను సభలో లేచి నిలబడేలా చేయకు బావా.

హెస్టర్ భర్త