బ్రిజితమ్మ పండుగనాడు విప్పిన బూట్లు

చిరంజీవి బాలశౌరికి నాన్న దీవెనలు. ఈ పరదేశంలో, అక్క ఉండే టాలట్ ఊళ్లో నేనూ అక్కా కులాసా.

ఇవాళ పునీత బ్రిజితమ్మ పండుగ. అలవాటు కొద్దీ గుడి బయటే బూట్లు విప్పి పూజకు వెళ్లాను. "అయ్యో నాన్నా! ఇక్కడెవరూ విప్పరు, అందరూ చూస్తున్నారు" అంది అక్క. దానికి తలవంపులు తెచ్చానే అని కుమిలిపోయాను. ప్రసంగంలో ఫాదర్ గారు నా కాళ్లే చూపించారు! "మండే పొద దగ్గర దేవుడు మోషేను చెప్పులు విప్పమన్నాడు. మనం మరిచాం, ఈ పెద్దాయన మరవలేదు" అన్నారట. ఆ మాట నాకు తెలుగులో చెబుతూనే అక్క తన బూట్లూ విప్పేసింది. నా సంతోషం ఈ కార్డులో పట్టదురా!

మన గేదె ఈనిందా? బ్రిజితమ్మ పాడిపశువులను కాచే తల్లి, అందరినీ చల్లగా చూస్తుంది. ఆమె పండుగకు అక్క జమ్ముగడ్డితో అల్లిన సిలువ పంపుతున్నాను, కొట్టం గుమ్మానికి కట్టు. చెప్పులు విప్పి కట్టు నాయనా.

నాన్న