చెంబుసొరకి పంజాబీ సంబంధం

మార్చి 11, 2007, ఆదివారం

మొదలు! మొదలు! మొదలు!

ఇవాళ్టి నుంచి మా ఇంట్లోకి బజారు కూరగాయ రాదు. నేను, మా ఆయన లక్ష్మీపతి, తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి స్నిగ్ధ, ముగ్గురం చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం.

కారణం నిన్న కొవ్వూరు నుంచి మా అత్తయ్య మాణిక్యాంబగారు చేసిన ఫోను.

"కస్తూరీ, పోయినేడు పంపిన సొర విత్తనాలు నాటావా, లేదా?"

నిజం చెప్పాను. ఇక్కడ ఢిల్లీ మయూర్ విహార్‌లో ఇల్లు మారే హడావిడిలో ఆ పొట్లం విప్పనే లేదు. తిడతారనుకున్నాను. అవతల్నుంచి పెద్ద ఊపిరి వినిపించింది.

"బతికించావే! వరదకి మా పెరడంతా మునిగింది. దాచిన విత్తనం ఇక్కడ కుళ్లింది, హైదరాబాదులో మీ ఆడపడుచు దగ్గర పుచ్చింది. ఇక ఉన్నది నీ పొట్లమే."

అది చెంబుసొర. చెంబులా గుండ్రంగా కాస్తుంది. మామయ్యగారి నాయనమ్మ నాటి నుంచి ఏటా ఒక కాయ ఎండబెట్టి, ఆ విత్తనం ఇంటింటికీ పంచుతున్నారు. మా బద్ధకం వంశాన్ని కాపాడింది!

పాత నీళ్ల డ్రమ్ములో మట్టి నింపి ఆరు సొర గింజలూ పెట్టాం. సొరతో ఆగుతామా? పాలకూర, గోంగూర, బెండ, టమాటా. బాల్కనీలో కాలు పెట్టే చోటు లేదు. మా ఆయన మెడలో తువ్వాలు వేసుకుని, "రైతు కుటుంబం మనది" అన్నారు. ఆయన మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసరు.

మార్చి 15, గురువారం

మొలవలేదు. వేలితో కొంచెం కెలికి చూశాను. కొంచెమే.

మార్చి 17, శనివారం

మా ఆయనా కెలికారట. స్నిగ్ధ కూడానట. "జస్ట్ చెక్ కర్ రహీ థీ, మమ్మీ!"

మార్చి 23, శుక్రవారం

మొలిచింది!!! ఒకటి!

మిగతావి? రెండు పావురాలు తిన్నాయి. మూడు మా ముగ్గురి వేళ్లకీ బలి. పోనీ, ఒకటి చాలు. రెండు ఆకులు చప్పట్లు కొడుతున్నట్టు విచ్చుకున్నాయి. మేమూ కొట్టాం. పై అంతస్తు మల్హోత్రా ఆంటీ గ్రిల్ లోంచి తొంగిచూసి, ఎందుకో తెలియకుండానే ఆవిడా కొట్టింది.

ఏప్రిల్ 8, ఆదివారం

తొలి పంట! పాలకూర పప్పు!!

మా ఆయన పళ్లెంలో గరిటెతో వెతుకుతూ అడిగారు: "పాలకూర ఎక్కడుంది?"

"పచ్చగా కనిపించడం లేదూ?"

"ఇది పచ్చిమిరపకాయ, కస్తూరీ."

అయినా ఆ రుచే వేరు.

ఏప్రిల్ 26, గురువారం

కోతులు వచ్చాయి. టమాటాలు పోయాయి. పచ్చివి కొరికి, నచ్చక, మా మీదకే విసిరాయి. ఎండకి గోంగూర మాడింది. బెండ మొక్కకి ఒక్క కాయ కాసింది. దాన్ని ముగ్గురికి ఎలా కొయ్యాలో తేలక చూస్తూ కూర్చుంటే ముదిరిపోయింది.

ఒట్టు ఒట్టే. కాకపోతే కొన్ని సంగతులు స్పష్టం చేసుకున్నాం. బంగాళాదుంప దుంప, కాయ కాదు. ఉల్లిపాయ పోపు సామాను. పనీరు పాల లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఇవి కొనవచ్చు. "పచ్చి బఠానీ పప్పుధాన్యం కదా?" అన్నారు మా ఆయన. ఆలోచిస్తున్నాం.

చెంబుసొర మాత్రం ఏ గొడవా పట్టించుకోకుండా తాడు పట్టుకుని పైకి పాకుతోంది.

మే 5, శనివారం

సాయంత్రం పాలకని చెప్పి బయటికి వచ్చాను. గేటు పక్క సందులో కూరగాయల బండి. దొండకాయలు! నెల దాటింది దొండకాయ చూసి. చున్నీ తలమీదుగా కప్పుకుని మెల్లగా అడిగాను.

"భయ్యా, ఆధా కిలో. జల్దీ."

బండి అవతలి వైపు నుంచి ఇంకో గొంతు వచ్చింది. "భయ్యా, బైంగన్ దేనా. థైలీ కాలీ వాలీ."

ఎంత తెలిసిన గొంతు! వంగి చూశాను. వంకాయల నల్ల సంచీతో మా ఆయన. ఇద్దరం సంచులు వెనక్కి దాచుకుంటుంటే బండివాడు నవ్వి అన్నాడు: "బేబీ తో అభీ గయీ. గాజర్ లేకే."

ఇంటికొచ్చాం. మంచం మీద కూర్చుని క్యారెట్ కొరుకుతోంది స్నిగ్ధ.

"రోజ్ ఖాతీ హూఁ," అంది తల దించుకుని, రోజూ తింటున్నట్టు ఒప్పుకుంటూ. మా సంచులు చూసి, "ఆప్ లోగ్?"

ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. దొండకాయ వేపుడు, వంకాయ కూర, క్యారెట్ పచ్చడి. పండగ! ఒట్టు తాత్కాలికంగా వాయిదా.

మే 17, గురువారం

సొరకి ఇన్నాళ్లూ మగపూలే. ఇవాళ మొదటి ఆడపువ్వు. పువ్వు కింద బఠానీ గింజంత పిందె! తుమ్మెదలు ఇటు రావు, మగపువ్వు తుంచి మనమే పుప్పొడి అద్దాలని అత్తయ్య చెప్పారు. సాయంత్రం విచ్చుకోగానే అద్దుదామని మధ్యాహ్నమే ఆఫీసులో సెలవు పెట్టి వచ్చాను.

నాలుగింటికి దుమ్ము తుఫాను. కళ్లు తెరిచేసరికి మగపూలన్నీ నేలమీద. ఆడపువ్వు ఒక్కటే ఒంటరిగా ఊగుతోంది.

నా అరుపు విని మల్హోత్రా ఆంటీ పైనుంచి వంగింది. "క్యా హువా, కస్తూరీ?"

చెప్పాను.

"బస్? మేరే గమలే మే లౌకీ హై. లడ్కా మేరీ తరఫ్ సే!"

పెళ్లికొడుకు తనవైపు నుంచట! అన్నట్టుగానే తన కుండీలోని సొర తీగ నుంచి తెల్లటి మగపువ్వు ఒకటి పళ్లెంలో పెట్టుకుని, మెట్లమీద పాడుతూ దిగింది. వెనకాల ఆంటీ భర్త స్టీలు గిన్నె వాయిస్తూ! స్నిగ్ధ పసుపు కుంకుమ తెచ్చింది. మా ఆయన తువ్వాలు అడ్డుతెరగా పట్టుకున్నారు. నేను పుప్పొడి అద్దాను. ఆంటీ అందరి నోట్లోనూ చక్కెర పోసింది.

మే 18, శుక్రవారం

అత్తయ్యకి ఫోను చేసి పెళ్లి కబురు చెప్పాను.

"పంజాబీ సంబంధమా!" అన్నారు. "కాయ కాస్తుందిలే. కమ్మగా వండుకోండి. విత్తనానికి మాత్రం పనికిరాదు, రెండు జాతులూ కలిసిపోతాయి. ఇంకో ఆడపువ్వు వస్తుంది. దానికి మన తీగ పువ్వే అద్ది, గుడ్డసంచి కట్టు. కాయ గుర్తుకి ఎర్రదారం కట్టు. తీగమీదే ఎండాలి, ఎవరూ ముట్టకూడదు. ఉన్నది ఒక్క మొక్క, అమ్మాయ్."

ఆ ఆఖరి మాట రోజంతా గుర్తొచ్చింది.

మే 27, ఆదివారం

రెండో ఆడపువ్వు! మన పువ్వే అద్దాను. సంచి కట్టాను. ఎర్రదారం కట్టాను.

జూన్ 10, ఆదివారం

పెళ్లికాయ కోశాం! పాలు పోసిన సొరకాయ కూర. ఆకాశంలో తేలుతున్నాం! ఎర్రదారం కాయ చిన్న చెంబంత అయింది. తీగ పైకి పాకిన చోట, మల్హోత్రా ఆంటీ గ్రిల్ కి వేలాడుతోంది. వంశం నిలబడినట్టే.

జూన్ 12, మంగళవారం

ఆఫీసు నుంచి చార్టర్డ్ బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మల్హోత్రా ఆంటీ మూత పెట్టిన గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"లౌకీ కే కోఫ్తే! గరమ్ గరమ్!"

"మీ లౌకీయే కదా, ఆంటీ?" అని హిందీలో అడిగాను. మూత తీసి చూశాను: సొరకాయ ఉండల కూర.

"అరే నహీ, తుమ్హారీ వాలీ! లాల్ ధాగా బాంధా థా నా! మైనే సోచా, హమారే లియే షగున్ హై!"

ఎర్రదారం చూసి, పెళ్లికొడుకు వారికి పెట్టిన కానుక అనుకుని కోసేసింది. మేం చెప్పలేదుగా మరి. ఆవిడ ముఖంలో ఎంత సంతోషమో! నేను నిజం చెప్పలేకపోయాను. స్నిగ్ధ చెప్పేసింది. ఆంటీ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆవిడని ఓదారుస్తూ నేనూ ఏడ్చాను. మా ఆయన ఏం చెయ్యాలో తెలియక ఇద్దరికీ కోఫ్తాలు వడ్డించారు.

అందరం తిన్నాం. చాలా బాగున్నాయి. అదే ఇంకా బాధ.

జూన్ 13, బుధవారం

అత్తయ్యకి చెప్పాను.

"కోఫ్తా ఎలా ఉందే?"

"బాగుందండీ, అత్తయ్యా." ముక్కు చీదాను.

"తీగ బతికుందా?"

"ఉంది. వడిలింది."

"నీళ్లు పొయ్యి. జనార్దనంతో టికెట్ కొనిపిస్తున్నాను, నేనొస్తున్నా." జనార్దనరావుగారు మా బావగారు. ఆరేళ్లుగా పిలుస్తున్నా ఢిల్లీ చలి, ఢిల్లీ ఎండ అంటూ రాని మనిషి!

జూన్ 30, శనివారం

రైలు దిగారు. కాళ్లు కడుక్కోకుండానే బాల్కనీలోకి వెళ్లారు. పండిన ఆకులు గిల్లారు, కొసలు తుంచారు, డ్రమ్ములో మట్టి గుల్ల చేశారు. రాత్రే తొలకరి పడింది. భోజనానికి కూర్చుని బంగాళాదుంప కూర, ఉల్లిపాయ పులుసు, పనీరు చూసి అడిగారు.

"కూరగాయలు దొరకవా ఈ ఊళ్లో?"

మళ్లీ ఒట్టు పెట్టుకున్నామని గర్వంగా చెప్పాం.

"ఎవరు పెట్టుకోమన్నారర్రా? మన ఇంట్లో ఎప్పుడూ లేదు ఈ పంతం! ఏటా ఒక్క కాయ ఎండాలి, అంతే. తక్కినవి నేనూ సంతలోనే కొన్నాను." ముద్ద కలుపుతూ అన్నారు: "పిల్ల చిక్కిపోయింది. రేపు బీరకాయలు తెండి."

స్నిగ్ధ లేచి వాళ్ల నాయనమ్మని ముద్దు పెట్టుకుంది.

జులై 15, ఆదివారం

వానల్లో తీగ ఒళ్లు విరుచుకుంది. కొత్త కొసలకి కొత్త పూలు. అత్తయ్య తన చేత్తో పువ్వు అద్దారు. నాలుగు రోజులకే పిందె నిలిచింది! మల్హోత్రా ఆంటీ "కహాఁ? కహాఁ?" అని వేలు చూపించబోతే అత్తయ్య ఆ వేలు గట్టిగా మడిచేశారు. పిందెకి వేలు చూపిస్తే రాలిపోతుంది మరి. ఇప్పుడు మా బాల్కనీలో అందరం పిడికిళ్లతోనే చూపిస్తున్నాం. పోట్లాటకి దిగామేమో అనుకుని ఎదురు ఫ్లాటువాళ్లు బయటికి వచ్చారు.

ఎండాక విత్తనం నాలుగు వాటాలట. కొవ్వూరు, హైదరాబాదు, మేం. నాలుగోది ఎవరికని అడిగితే పైకి పిడికిలి చూపించారు. అర్థం చెప్పగానే ఆంటీ మళ్లీ ఏడ్చింది. ఈసారి లడ్డూలతో.

అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుండగా మేం ముగ్గురం వంటింట్లో తలుపు వేసుకుని సమావేశమయ్యాం. వానకాలం పోయాక ఇక్కడ అసలైన కాలం. మెంతికూర, ముల్లంగి, బఠానీ! క్యాలీఫ్లవర్ అయితే ఢిల్లీలో రాళ్లమీద కూడా పూస్తుందట. మా ఆయన ఆఫీసులో ఎవరో అన్నారు.

చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం. రేపటి నుంచి మా ఇంట్లోకి బజారు కూరగాయ రాదు!

ఇరవై కుండీలు ఆటోలో వస్తున్నాయి. అత్తయ్యకి ఎవరు చెప్పాలో ఇంకా తేలలేదు.